దమ్ము పనులకు ముందు: వెల్డింగులో వేడి లెక్క వేరు, ఉష్ణోగ్రత వేరు

ఇటీవల కాలువ గట్టు మీద ధాన్యం బస్తాలతో వెళ్తున్న ఒక ట్రాక్టరు ట్రక్కు, కొత్తగా వెల్డింగు చేయించిన కొక్కెం దగ్గర విరిగి బోదెలోకి ఒరిగిపోయింది. వెల్డు నిండుగా, నున్నగానే ఉంది. దాని అంచును ఆనుకొని ఉన్న ఇనుమే విరిగింది. తొలకరికి ముందు దమ్ము చక్రాలు, షాఫ్టులు వర్క్‌షాపులకు వరుసకట్టే రోజులివి. కళ్లద్దాలు, ఎర్తు తీగ సంగతి అందరికీ తెలుసు కనుక వాటి జోలికి పోవడం లేదు.

పనిని పాడుచేస్తున్న పొరపాటు ఒక్కటే: ఆంపియర్లు పెంచితే ఇనుము తగినంత వేడెక్కినట్లేనని నమ్మడం.

వోల్టులను, ఆంపియర్లను, 60ని గుణించి, రాడ్డు నిమిషానికి నడిచిన మిల్లీమీటర్లను 1000తో హెచ్చించి దానితో భాగిస్తే, మిల్లీమీటరుకు అందిన వేడి కిలోజౌళ్లలో వస్తుంది. రాడ్డు వెల్డింగులో కొంత వేడి వృథా అవుతుంది కాబట్టి 0.8తో గుణించాలి. 24 వోల్టులు, 130 ఆంపియర్లు, నిమిషానికి 150 మి.మీ. అయితే సుమారు 1 కిలోజౌలు. చెయ్యి రెట్టింపు వేగంగా కదిలితే, మిషను మీద అంకె మారకుండానే అది సగమవుతుంది.

ఆ ఒక్క కిలోజౌలుతో 6 మి.మీ. ప్లేటు బాగా కాలి నిదానంగా చల్లారుతుంది, 40 మి.మీ. షాఫ్టు మాత్రం దాన్ని క్షణాల్లో లోపలికి లాగేసుకుంటుంది. 0.4 శాతం కార్బను ఉండే ఈఎన్-8 వంటి ఉక్కు అలా చప్పున చల్లారితే వెల్డు పక్కన గాజులా పెళుసెక్కుతుంది. చెమ్మగిల్లిన రాడ్డు నుంచి వచ్చిన హైడ్రోజన్ అక్కడ చేరి, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండో రోజున, పగులు తెస్తుంది. ఆంపియర్లు ఉష్ణోగ్రత కావు, ఉష్ణోగ్రతను కొలవాలి.

అందుచేత ఈఎన్-8 షాఫ్టును ముందుగా 150 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ వరకు కాచండి. మంట తీసి, వేడి లోపలికి సర్దుకున్నాక, అతుకుకు రెండు మూడు అంగుళాల దూరంలో టెంపరేచర్ చాక్‌తో (దాని మీద రాసిన ఉష్ణోగ్రత దగ్గర కరిగే సుద్దముక్క) కొలవండి. చేత్తో తాకి అంచనా వేయకండి. రెండో వరుస మొదలుపెట్టే ముందు మళ్లీ కొలవండి, ఎందుకంటే మధ్యలో టీకి వెళ్లివస్తే కాచిన వేడి పోయినట్టే. హైడ్రోజన్ తక్కువగా వదిలే 7018 రకం వెల్డింగు రాడ్లను 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఎండించండి; మన తేమ గాలిలో విప్పిన ప్యాకెట్టును నమ్మకండి. వాన జల్లులో వెల్డింగు వద్దు. నీళ్లు పోయవద్దు. పొడి ఊక బూడిద కప్పి, చల్లారేదాకా కదపవద్దు. రెండు రోజులు ఆగి, వెల్డు అంచులు పరీక్షించి, ఆ తర్వాతే బస్తాలెక్కించండి.