చంటిపిల్లల జావపిండి: పట్టించడం, పురుగు పట్టకుండా దాచడం

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు పెట్టే జావపిండికి ఖరీదైన సరుకులేవీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ‘హైదరాబాద్ మిక్స్’ కొలత చూడండి: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రోటీన్ ఉంటాయి. శనగపప్పు బదులు పుట్నాలు వేస్తే వేయించే పని తప్పుతుంది.

అయితే నాలుగూ కలిపి డబ్బాలో పోస్తే పిండి తొందరగా పాడవుతుంది. బెల్లం చెమ్మ పీల్చి ఉండలు కడుతుంది, పల్లీ నూనెకు పాత వాసన వస్తుంది. అందుకే గోధుమలు 400 గ్రాములు, పుట్నాలు 160 గ్రాములు మాత్రమే కలిపి పట్టించండి.

గోధుమలు కడిగి, పంటి కింద కటుక్కుమనేదాకా ఎండలో ఆరబెట్టాలి. మందపాటి మూకుడులో సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగానే ఉంటుంది. గిర్నీలో మీకంటే ముందు కారం పట్టించారేమో తప్పకుండా అడగండి. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో ఇది మరీ ముఖ్యం. ముందుగా గుప్పెడు బియ్యం ఆడించి, ఆ పిండి పక్కకు తీసేయాలి. గిర్నీ నుంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. వేడి మీదే మూత పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. గుడ్డ మీద పరిచి, పూర్తిగా చల్లారాక జల్లించి, పొడి స్టీలు డబ్బాలో పోయండి. తడి చెంచా పెట్టొద్దు. నెలకు సరిపడా చాలు, వానకాలమైతే పదిహేను రోజులకే.

పల్లీలు వారానికోసారి కొద్దిగా వేయించి, పొట్టు తీసి మెత్తగా దంచుకోండి. పలుకు మిగిలితే పిల్లల గొంతుకు అడ్డుపడుతుంది. నల్లబడ్డవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి ముందే ఏరేయాలి. వాటిలోని విషం వేయించినా పోదు. మొదటిసారి చిటికెడే పెట్టి, దద్దుర్లు, వాంతులు వస్తాయేమో చూడండి.

వండేటప్పుడు మూడు చెంచాల పిండికి అర చెంచా పల్లీపొడి వేసి, చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, ఆపకుండా తిప్పుతూ ఐదారు నిమిషాలు ఉడికించండి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. నీళ్లెక్కువైతే పొట్ట నిండుతుంది గానీ బలం రాదు. దించాక అర చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపండి. రెండేళ్లలోపు బెల్లం లేకపోయినా నష్టం లేదు. ఏడాది నిండేదాకా ఉప్పు వేయొద్దు, తేనె అసలే వద్దు.

చిక్కటి జావ మింగలేని బిడ్డకు మొలకల పిండి బాగా పనికొస్తుంది. తైదలు (రాగులు) రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, తెల్లటి మొలక రాగానే ఎండబెట్టి పొడి చేయాలి. వీటిని వేయించకూడదు, పిండిపదార్థాన్ని కరిగించే గుణం పోతుంది. ఉడికిన జావ కాస్త చల్లారాక ఒక చెంచా కలిపి, పది నిమిషాలాగి, మళ్లీ బాగా మరిగించండి. నీళ్లు పోయకుండానే పలచబడుతుంది.

గిన్నెలో మిగిలిన జావ రెండు గంటలు దాటితే పారబోయండి. ఎండాకాలంలో అంతసేపు కూడా ఉంచొద్దు.