తాటి బొగ్గుతో ఉప్పుపొట్లం: కట్టే తీరు, పరీక్షించే తీరు

దీపావళి ఇంకా నెల రోజులు ఉందనగానే పర్లాకిమిడిలో మా వీధి కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. పూర్వం ఇళ్లలో సురేకారం, గంధకం, బొగ్గు నూరి మతాబుల్లోకి మందు కూరేవారట కదా, మనమూ చేయవచ్చునా అని. చేయవద్దని చెప్పి ఊరుకుంటే ఈ వయసువాళ్లు వినరు. అందుకని ఆ మూడింటిలో బొగ్గును మాత్రం ఉంచి, దానికి రాళ్లుప్పు జోడించి, గిరగిరా తిప్పితే నిప్పుపూలు రాల్చే ఉప్పుపొట్లం కట్టడం నేర్పుతున్నాను. చేత్తో చేసుకున్నామన్న తృప్తి ఇందులోనూ ఉంది, పైగా పనితనం చూపించడానికి కావలసినంత చోటుంది.

రెండింటికీ తేడా ముందు తెలియాలి. పొట్లంలోని బొగ్గు తనకు కావలసిన ప్రాణవాయువును చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకోవాలి కనుక పైపొర మాత్రమే కణకణలాడుతుంది, లోపలి పొడి తన వంతు వచ్చేదాకా చల్లగా ఉంటుంది. సురేకారం అలా కాదు, ప్రాణవాయువును తనలోనే పెట్టుకుని వస్తుంది. అది కలిసిన పొడికి గాలితో పని లేదు కాబట్టి గుడ్డలో బిగించి కట్టినా, డబ్బాలో మూసినా ఒక్కసారిగా అంటుకుని, పుట్టిన వాయువుకు దారి లేక పేలుతుంది. లైసెన్సు లేకుండా అటువంటి మందు తయారు చేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం నేరం. గంధకాన్ని క్లోరేటు అనే రసాయనంతో కలిపిన మందును ప్రభుత్వం 1992లోనే పూర్తిగా నిషేధించింది. కాబట్టి ఈ పొడిలో సురేకారం గాని, గంధకం గాని, విప్పిన టపాకాయల మందు గాని చిటికెడైనా పడకూడదు. కొంచెం మెరుపు కోసమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషిని రోలు దగ్గరికి రానివ్వకండి.

బొగ్గు విషయానికి వస్తే, పొట్లం మంచిచెడ్డలు ముప్పాతిక పాలు ఇక్కడే తేలిపోతాయి. మగ తాటిచెట్టుకు కాయలు కాయవు, వేలంత లావున పొడవాటి పూతకాడలు వస్తాయి. అవి ఎండి చెట్టు కింద రాలి ఉంటాయి. మా వైపు వంశధార ఒడ్డు పల్లెల్లో తాటిచెట్లకు కొదవ లేదు కనుక, వానలు పడకముందే ఒక గోనె నిండా ఏరి అటక మీద పెట్టుకోవచ్చు. తాటి పూతకాడ తేలికగా, గుల్లగా ఉంటుంది కాబట్టి దాని బొగ్గు త్వరగా అంటుకుంటుంది, గాలిలో ఎగిరినా వెంటనే ఆరిపోదు. చింతబొగ్గుతో ఒక ఏడాది ప్రయత్నించి చూశాను. అది గట్టిది కావడం వల్ల పొట్లం రాజుకోవడానికే పావుగంట పట్టింది, రవ్వలు మాత్రం లెక్కపెట్టుకునేటన్ని.

పెరట్లో మోకాలి లోతు గొయ్యి తీసి, కాడలను అందులో పేర్చి అంటించండి. మొదట తెల్లని పొగ దట్టంగా వస్తుంది, అది కాడలోని తేమ, కర్ర సారం పోతున్న గుర్తు. పొగ పలచబడి, మంట తగ్గి, కాడలు ఎర్రగా కనిపించగానే పాత రేకు మూసి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తండి. ఆలస్యం చేస్తే బూడిద మిగులుతుంది, తొందరపడితే లోపల పచ్చికర్ర మిగులుతుంది. మర్నాటి ఉదయం దాకా మూత తీయకూడదు. పైకి చల్లగా కనిపించే బొగ్గులో ఎక్కడో ఒక నిప్పు కణిక మిగిలి, గాలి తగలగానే మళ్లీ రాజుకోవడం నేను రెండుసార్లు చూశాను. తీసిన తరువాత కూడా ఒక పూట ఇనుప పళ్లెంలో పరిచి ఉంచి, అప్పుడే రోట్లో వేయండి.

దంచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, దగ్గరలో పొయ్యి గాని దీపం గాని ఉండకూడదు, ఎందుకంటే గాలిలో లేచిన మెత్తని బొగ్గు ధూళి మంట తగిలితే భగ్గుమంటుంది. పొడి బొంబాయి రవ్వకన్నా కొంచెం సన్నగా ఉండాలి. పిండిలా నూరితే రవ్వలు కంటికి ఆనకముందే కాలిపోతాయి, మరీ బరకగా ఉంటే బరువుకు కాళ్ల దగ్గరే రాలిపోతాయి.

ఇక ఉప్పు. పాకెట్లలో దొరికే మెత్తని ఉప్పు పనికిరాదు, నౌపడ ఉప్పు మళ్లలో పండేటటువంటి రాళ్లుప్పు కావాలి. ఆ ఉప్పుగళ్ల లోపల చిక్కుకున్న నీటిబొట్లు వేడికి ఆవిరై, గళ్లను చిటపటమని పగలగొట్టి పొడిని ఎగజిమ్ముతాయి. రవ్వలకు వచ్చే పసుపు ఛాయలో కొంత ఉప్పులోని సోడియానిది. పైతేమ పోయేందుకు ఉప్పును మూకుడులో వెచ్చచేసి, మొదటి చిటపట వినగానే దించేయాలి. పూర్తిగా వేయిస్తే ఆ చప్పుడంతా మూకుడులోనే అయిపోతుంది. నాలుగు గుప్పిళ్ల పొడికి అర గుప్పెడు ఉప్పు నా కొలత. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిపోయాక దీపావళి నాటికి ఎండ సరిగా కాయక, మా ఉప్పు చెమ్మగిల్లి పొడంతా ముద్దకట్టింది. ఆ ఏడు కట్టిన ఆరు పొట్లాల్లో ఒక్కటి వెలిగింది. అప్పటి నుంచి ఉప్పును కట్టే రోజునే కలుపుతున్నాను.

గుడ్డ పాత నూలు పంచెదై ఉండాలి. పాలియెస్టరు కలిసినది కరిగి చుక్కలు చుక్కలుగా ఒంటి మీద పడుతుంది. జానెడు పొడవు, రెండు వేళ్ల లావు గొట్టంలా రెండు పొరలుగా చుట్టి, పొడిని కొద్దికొద్దిగా పోస్తూ పుల్లతో దట్టించి, అంగుళానికొక నూలు దారం కట్టు వేయాలి. తాటిమట్ట ముక్కను ఒక కొస నుంచి మూడుగా చీల్చి, పొట్లాన్ని ఆ చీలికల మధ్య ఇరికించి, పైన రెండుచోట్ల సన్నని ఇనుప తీగ బిగించండి. మట్ట రెండో కొసకు నాలుగు మూరల కొబ్బరితాడు కట్టి, ముడి దగ్గర బలంగా లాగి చూడాలి. తిరుగుతున్న పొట్లం ఊడితే ఎటు పోతుందో చెప్పలేము.

పండుగకు నాలుగు రోజుల ముందే పరీక్ష చేయండి. చిటికెడు ఉత్త బొగ్గుపొడిని నిప్పు మీద చల్లితే పొగ లేకుండా మెరిసి ఆరిపోవాలి. పొగ వస్తే బొగ్గు సరిగా కాలలేదని అర్థం. ఆ తరువాత బొటనవేలంత చిన్న పొట్లం కట్టి తిప్పి చూడండి. రవ్వలు గుత్తులుగా ఊడిపడితే దట్టింపు చాలలేదు, కొస ఎర్రగా ఉన్నా రవ్వలు రాకపోతే గుడ్డ మందమైనది లేదా పొడి చెమ్మగా ఉన్నది.

తిప్పడానికి కల్లం వంటి బయలు కావాలి. చుట్టూ ఆరు బారల మేర మనుషులు గాని, గడ్డికుప్పలు, పూరిపాకలు గాని ఉండకూడదు. గాలి ఎక్కువగా ఉన్న రాత్రి మానుకోవాలి. మా వీధిలో ఒడియా ఇళ్లవారు కౌఁరియా కాఠీలనే జనపనార పుల్లలు వెలిగించి పితృదేవతలకు దారి చూపడం, మన పిల్లలు గోగుకాడల దివిటీలు కొట్టడం పూర్తయ్యాకనే పొట్లాలు బయటికి వస్తాయి. కొస మీద నిప్పు కణిక పెట్టి విసనకర్రతో విసురుతూ, అంగుళం మేర ఎర్రబడేదాకా ఆగండి. తిప్పేది పెద్దవాళ్లే అయి ఉండాలి, నూలుబట్టలు, చెప్పులు, తలకు తడిపి పిండిన తువ్వాలు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మొదట నెమ్మదిగా పక్కన తిప్పి, వేగం అందుకున్నాక తల మీదికి తీసుకుపోతే గొడుగు విప్పినట్లు రవ్వలు పరుచుకుంటాయి. చేయి నొప్పి పుడితే హఠాత్తుగా ఆపవద్దు, క్రమంగా కిందికి దించండి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచాలి గాని సిరా, పేస్టు, వెన్న పూయరాదు.

అయిపోయిన పొట్లాన్ని బకెట్టు నీళ్లలో పూర్తిగా ముంచి తెల్లవారేదాకా అందులోనే వదిలేయండి, పైన బూడిద కట్టినా నడుమ నిప్పు గంటల తరబడి ఉంటుంది. ఉప్పు కలపని పొడి మిగిలితే మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాలో పోసి, వంటింటికి దూరంగా పెట్టుకుంటే కార్తీక పున్నమికి పనికివస్తుంది.