ప్లాస్మా ఎక్స్ఛేంజ్‌లో ఏ ఫ్లూయిడ్ ముందు, ఏది చివర

ప్లాస్మా ఎక్స్ఛేంజ్ (రక్తంలోని పచ్చటి ద్రవమైన ప్లాస్మాని తీసేసి, బదులు వేరే ద్రవం ఎక్కించడం) అనగానే అందరి చూపూ మెషీన్ మీద, క్యాథెటర్ మీద ఉంటుంది, తీసేసిన ప్లాస్మాకి బదులు ఏం ఎక్కిస్తున్నామన్నది మాత్రం ఏదో ఒకటిలే అన్నట్టు వదిలేస్తారు. డయాలసిస్ యూనిట్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లకీ, పీజీలకీ ఇది. ఆర్డర్ ఎలాగూ కన్సల్టెంటే రాస్తారు, కానీ ఎందుకు రాశారో మీకూ తెలియాలి కదా.

ముందు లెక్క, పేషెంటు ఒంట్లో ప్లాస్మా ఎన్ని లీటర్లో (ఒక వాల్యూమ్ అంటే ఇదే). బరువు కిలోల్లో × 0.065 × (1 − హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్ర కణాల వంతు). 60 కిలోల మనిషికి హెమటోక్రిట్ 30 శాతం ఉంటే దాదాపు 2.7 లీటర్లు. ఒక వాల్యూమ్ మారిస్తే చెడ్డ యాంటీబాడీ 63 శాతం దాకా పోతుంది, ఒకటిన్నర మారిస్తే 78, ఇంకా పెంచితే ఖర్చు పెరుగుద్ది గానీ లాభం పెద్దగా ఉండదు.

గిలియన్ బారే (నరాలు దెబ్బతిని కాళ్ళు చేతులు పడిపోయే జబ్బు) లాంటి కేసులకి ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్ ద్రావణం) చాలు. మనకి ఎక్కువగా దొరికేది 20 శాతం, 100 మి.లీ. బాటిల్. దానికి 300 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపితే 5 శాతం అవుద్ది, అంటే పై పేషెంటుకి 7 బాటిల్స్. స్టెరైల్ వాటర్‌తో మాత్రం కలపొద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, ఇందులో మొహమాటం లేదు. ఏసీఈ ఇన్‌హిబిటర్ బీపీ మాత్ర వాడుతున్నారేమో ముందురోజే అడిగి ఆపించాలి, లేకపోతే బీపీ పడిపోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఆల్బుమిన్‌లో గడ్డకట్టే ప్రోటీన్లు లేవు, ఒక్క సెషన్‌కే ఫైబ్రినోజెన్ మూడో వంతుకి దగ్గరగా దిగిపోతుంది. మిగతా ఫ్యాక్టర్లు చాలావరకు ఒక రోజులో కోలుకుంటాయి, ఫైబ్రినోజెన్‌కి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది, రోజు విడిచి రోజు చేసేది అందుకే. ప్రతి సెషన్‌కి ముందు ఫైబ్రినోజెన్, పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే టైం చూసే టెస్టులు) పంపండి. ఫైబ్రినోజెన్ 100 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువొస్తే మెషీన్ ఆన్ చేయకుండా కన్సల్టెంట్‌కి ఫోన్ చేయండి, వాయిదా వేస్తారో ప్లాస్మా కలుపుతారో వాళ్ళు చెప్తారు.

రక్తస్రావం రిస్కు ఉందా, అంటే బయాప్సీ అయ్యిందా, ఊపిరితిత్తుల్లో రక్తం వస్తోందా, అప్పుడు ముందు ఆల్బుమిన్, చివర్లో ఎఫ్ఎఫ్‌పీ (ఫ్రీజ్ చేసి ఉంచిన దాత ప్లాస్మా, గడ్డకట్టే ప్రోటీన్లు ఇందులో ఉంటాయి). తిరగేస్తే ముందిచ్చిన ప్లాస్మాలో చాలా భాగం మళ్ళీ వేస్ట్ బ్యాగ్‌లోకే పోతుంది, దాత రక్తం వృథా. క్రయో (ఫైబ్రినోజెన్ ఎక్కువుండే ప్లాస్మా భాగం) ఇవ్వాలన్నా సెషన్ అయ్యాకే. మెంబ్రేన్ పద్ధతిలో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) కూడా ఎక్కుతుంటుంది, ఆ రిస్కు కూడా కలుపుకోండి.

టీటీపీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు) అయితే కథ వేరు, ఏడీఏఎంటీఎస్13 అనే ఎంజైమ్ ఇందులో తగ్గిపోతుంది, అది ప్లాస్మాలోనే దొరుకుద్ది, కాబట్టి ఆల్బుమిన్‌తో సరిపెట్టడం కుదరదు, ఎఫ్ఎఫ్‌పీనే, రోజూ. మన దగ్గర ఎలకల పేస్ట్ తిన్న కేసుల్లో కూడా లివర్ దెబ్బతిని ఐఎన్ఆర్ (పీటీ నుంచి లెక్కగట్టే అంకె, పెరిగితే రక్తం గడ్డకట్టడం ఆలస్యం) ముందే పెరిగి ఉంటే ప్లాస్మా వైపే మొగ్గుతారు.

ఎఫ్ఎఫ్‌పీ కరిగించడానికి టైం పడుతుంది కాబట్టి బ్లడ్ బ్యాంకుకి ముందే చెప్పండి. అందులో సిట్రేట్ ఉంటుంది, అది రక్తంలో కాల్షియం తగ్గిస్తుంది, పెదాల చుట్టూ తిమ్మిరి అంటే స్పీడ్ తగ్గించి డాక్టర్‌కి చెప్పండి, కాల్షియం గ్లూకోనేట్ నెమ్మదిగా ఇస్తారు. ప్లాస్మా వెళ్ళే లైన్‌లోనే కాల్షియం వేయొద్దు, గడ్డకడుతుంది. దద్దుర్లు, ఆయాసం మీద కన్నేసి ఉంచండి. ఆఖరి సెషన్ అయిపోయింది కదా అని అప్పటికప్పుడే క్యాథెటర్ లాగేయకుండా ఫైబ్రినోజెన్, పీటీ రిపోర్ట్ చూసి తీయండి.