రోడ్ బైక్ చక్రం ఎందుకు నిలవట్లేదు? తెగిన స్పోక్ నుంచి కొత్త వీల్‌సెట్ దాకా

మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి కొంత దూరం వెళ్ళాక నా వెనక చక్రంలో ‘టంగ్’మని చప్పుడైంది. పది గజాలు పోయేసరికి రిమ్ బ్రేక్ షూకి రాసుకుని చక్రం ఆగిపోయింది. దిగి చూస్తే తెగింది ఒక్కటే స్పోక్. కానీ ఆ చక్రంలో మొత్తం ఉన్నవే 20. ఒకటి పోయేసరికి దానికి ఎదురు లాగుతున్న స్పోక్‌లు రిమ్‌ని అటువైపు లాగేసుకున్నాయి. బ్రేక్ పూర్తిగా వదులు చేసినా రిమ్ ఫ్రేముకి తగులుతూనే ఉంది. చివరికి ఒక డీసీఎం వ్యాను ఆపి, సైకిల్ ఎక్కించుకుని అచ్చంపేట చేరాను.

ఆ రోజు నుంచి చక్రాలు అల్లడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా గ్రూపులో ఎవరి చక్రం పాడైనా ముందు మా ఇంటికే వస్తుంది. “అన్నా, గట్టిగా ఉండే వీల్‌సెట్ (ముందు, వెనక చక్రాల జత) ఏదైనా చెప్పు” అని అడుగుతారు. నేను మాత్రం పాత చక్రం తెమ్మంటాను. అది ఎలా చెడిందో చూస్తేనే కొత్తది ఎలా ఉండాలో తెలుస్తుంది. చూడకుండా కొంటే బ్రాండు మారుతుంది తప్ప బాధ మారదు.

స్పోక్‌లు ఒకదాని తర్వాత ఒకటి తెగుతున్నాయి

ముందు ఎక్కడ తెగిందో చూడండి. ఎక్కువగా వెనక చక్రంలోనే, హబ్ (చక్రం నడిమి భాగం) ఫ్లాంజ్ రంధ్రంలో స్పోక్ వంగి కూర్చునే చోట తెగుతుంది. ఫ్లాంజ్ అంటే హబ్‌కి రెండు వైపులా స్పోక్‌లు తగిలించే అంచు. అలా తెగితే అది దెబ్బ తగిలి తెగింది కాదు, అలసి తెగింది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున విరుగుతుంది కదా, అదే ఇది.

ఎలాగంటే, చక్రం తిరిగేటప్పుడు నేల వైపుకి వచ్చిన స్పోక్ మీద బిగువు కాస్త తగ్గుతుంది, పైకి పోగానే మళ్ళీ పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల టైరు ఉన్న 700సి చక్రం ఒక చుట్టుకి సుమారు 2.13 మీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకి దాదాపు 470 చుట్లు, 10,000 కిలోమీటర్లకి 47 లక్షల చుట్లు. అన్నిసార్లూ ప్రతి స్పోక్ బిగుస్తూ, సడలుతూ ఉంటుంది. మొదటి నుంచీ మంచి టెన్షన్‌లో ఉన్న స్పోక్‌కి ఈ హెచ్చుతగ్గులు పెద్ద లెక్క కాదు. వదులుగా ఉన్నది మాత్రం కిందికి వచ్చిన ప్రతిసారీ పూర్తిగా సడలి, వంపు దగ్గర ఫ్లాంజ్‌లో కదులుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. “టైట్ చేస్తే తెగుతుందేమో” అని భయపడి వదులుగా వదిలేసే మెకానిక్‌లని చూశాను. నిజానికి వదులుగా ఉన్నదే ముందు తెగుతుంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఒకే వైపు ఉన్న స్పోక్‌లని ఒక్కొక్కటిగా వేలి గోరుతో వీణ తీగలా మీటండి. కుడివైపు వాటి శబ్దం ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, ఎడమవైపు వాటిదీ అంతే. వెనక చక్రంలో కుడివైపున ఉండే క్యాసెట్‌కి (గేర్ల పళ్ళ చక్రాల గుత్తికి) చోటివ్వాలి కాబట్టి ఎడమవైపు టెన్షన్ ఎప్పుడూ తక్కువే. అందుకే ఆ రెండు వైపుల్నీ ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఒకే వైపున ఒకటి ‘టింగ్’ అని, పక్కది ‘డబ్’ అని పలికితే ఆ చక్రం సరిగా అల్లలేదన్నమాట. టెన్షన్ మీటర్ ఉంటే ఇంకా మంచిది. వెనక కుడివైపు మామూలుగా 100 నుంచి 120 కిలోల బలం దాకా పెడతారు. రిమ్ కంపెనీ చెప్పిన పరిమితి మాత్రం దాటకూడదు. ఒకే వైపు స్పోక్‌ల మధ్య తేడా సగటుకి 20 శాతం లోపు ఉండాలి.

ఒక్కటి తెగితే అదే కొలత స్పోక్ వేసి మిగతావాటి టెన్షన్ సరిచేయండి. వేల కిలోమీటర్లు తిరిగిన చక్రంలో రెండోది, మూడోది కూడా తెగిందంటే మిగిలినవన్నీ అదే అలసటతో ఉన్నాయని అర్థం. ఒక్కొక్కటి మారుస్తూ కూర్చోకుండా రిమ్, హబ్ బాగుంటే అన్నీ కొత్త స్పోక్‌లతో మళ్ళీ అల్లించండి. మధ్యలో సన్నగా ఉండే 2.0/1.8 బటెడ్ స్పోక్‌లు అడగండి. డీటీ స్విస్ కాంపిటీషన్, సాపిమ్ రేస్ ఈ రకమే. ‘సన్నటివి గట్టిగా ఎలా ఉంటాయి?’ అని చాలామంది ఒప్పుకోరు. సన్నని మధ్యభాగం కాస్త సాగి కుదుపుని తీసుకుంటుంది, వంపు మీద భారం తగ్గుతుంది. అందుకే మొత్తం 2.0 మిల్లీమీటర్లు ఉండే దానికంటే ఇవే ఎక్కువ కాలం ఉంటాయి.

తెగింది వంపు దగ్గర కాకపోతే కారణం వేరు. వెనక కుడివైపు స్పోక్ మీద వంపుకి కాస్త పైన గీతలు కనిపిస్తే, ఎప్పుడో చైన్ క్యాసెట్ దాటి లోపలికి పడింది. ముందుగా వెనక డీరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపేది) లిమిట్ స్క్రూ సరిచేసుకోవాలి, లేదంటే కొత్త స్పోక్‌లకీ అదే గతి.

బెండు తీయించినా వారానికే మళ్ళీ వస్తోంది

షాపులో రిమ్‌ని నిటారుగా చేసి ఇస్తారు. చూడడానికి బాగుంటుంది. కానీ రెండు స్పోక్‌లు విపరీతంగా బిగించి, పక్కవి వదులుగా వదిలేసినా రిమ్ నిటారుగా కనిపిస్తుంది. నాలుగు గుంతలు ఎక్కి దిగేసరికి వదులుగా ఉన్న నిప్పల్స్ (స్పోక్ కొసని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) తిరిగిపోతాయి, బెండు వెనక్కి వస్తుంది. కాబట్టి బెండు ఒక్కటే చూడకుండా టెన్షన్ కూడా చూసే మెకానిక్‌ని పట్టుకోవాలి.

మీరే చేసుకోవాలంటే ట్రూయింగ్ స్టాండ్ లేకపోయినా ఫరవాలేదు. సైకిల్ తలకిందులు పెట్టి, ఫ్రేముకి ఒక జిప్ టై కట్టి, దాని కొస రిమ్‌కి దాదాపు తగిలేలా కత్తిరించండి. చక్రం నెమ్మదిగా తిప్పితే ఎక్కడ రాసుకుంటుందో అక్కడే బెండు. రిమ్ కుడివైపుకి పోయి ఉంటే ఆ చోట ఎడమ ఫ్లాంజ్ నుంచి వచ్చే స్పోక్ పావు చుట్టు బిగించి, కుడి ఫ్లాంజ్ నుంచి వచ్చేది పావు చుట్టు వదులు చేయండి. అంతకంటే ఎక్కువ ఒకేసారి తిప్పకండి. ఎటు తిప్పాలో గందరగోళం వస్తే నిప్పల్‌ని టైరు వైపు నుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశే బిగింపు.

స్పోక్ కీ సరైన సైజుది కావాలి. 3.23, 3.30, 3.45 మిల్లీమీటర్లు అని దొరుకుతాయి. కాస్త పెద్దది వాడితే నిప్పల్ మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి, ఇక అది ఎటూ తిరగదు. చివర్లో ఒకే వైపు పక్కపక్కన సమాంతరంగా ఉన్న రెండేసి స్పోక్‌లని చేత్తో గట్టిగా నొక్కి వదలండి. వంపులు ఫ్లాంజ్‌లో సర్దుకుంటాయి, మెలిపడ్డ స్పోక్‌లు వదులవుతాయి. ‘టిక్ టిక్’ అని వినిపిస్తుంది. ఆ తర్వాత మళ్ళీ ఒకసారి బెండు చూడండి.

నిప్పల్ దగ్గర రిమ్ పగిలింది

స్పోక్ రంధ్రం చుట్టూ జుట్టంత సన్నని గీత కనిపించినా ఆ రిమ్ మీద ఇక బండి తోలొద్దు. దీనికి మరమ్మతు లేదు. తేలికపాటి రిమ్‌కి తక్కువ స్పోక్‌లు వేసి, వాటిని బాగా బిగించినప్పుడు ఇలా జరుగుతుంది. అదే ఈఆర్‌డీ (స్పోక్ పొడవు లెక్కకి వాడే రిమ్ లోపలి వ్యాసం) ఉన్న కొత్త రిమ్ దొరికితే, స్పోక్‌లు బాగున్నంత వరకు పాతవే వాడుకోవచ్చు. రెండు రిమ్‌లని పక్కపక్కన టేపుతో కట్టి ఒక్కో స్పోక్‌నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చుకుంటూ పోవచ్చు. అల్లికలో తప్పు పోయే భయం ఉండదు.

బ్రేక్ తగిలే చోట రిమ్ లోపలికి అరిగింది

ఇది రిమ్ బ్రేకులు ఉన్నవాళ్ళకి. బ్రేక్ తగిలే పట్టీ మీద వేలు పెట్టి చూడండి, పళ్ళెంలా లోపలికి పోయినట్టు ఉంటే అరిగినట్టే. చాలా రిమ్‌లలో అక్కడ ఒక సన్నని గాడి గానీ, చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనిపించకుండా పోయిందంటే రిమ్ మార్చే రోజు వచ్చేసింది. అరిగిన గోడని లోపల ట్యూబు గాలి బయటికి తోస్తూనే ఉంటుంది. దిగుడులో అది చీలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వానాకాలంలోనే ఎక్కువ అరుగుతుంది. రోడ్డు మీది ఇసుక, బురద షూలలో చేరి ఆకురాయిలా పనిచేస్తాయి. తడిలో తొక్కి వచ్చిన రోజు రిమ్ గుడ్డతో తుడిచి, షూలలో గుచ్చుకున్న అల్యూమినియం తునకల్ని సూదితో తీసేయండి. ఐదు నిమిషాల పని, రిమ్ ఆయుష్షు బాగా పెరుగుతుంది. షూలు మార్చేటప్పుడు కూల్ స్టాప్ వాళ్ళ సాల్మన్ రంగువి చూడండి, రిమ్‌ని తక్కువ తింటాయి.

కొత్తది కొనేటప్పుడు రిమ్ బ్రేక్ బండికి కార్బన్ రిమ్ వద్దనే చెబుతాను. ఘాట్ రోడ్డులో బ్రేక్ పట్టుకునే దిగాలి, ఆ వేడిని అల్యూమినియం బాగా తట్టుకుంటుంది. డిస్క్ బ్రేక్ అయితే ఈ సమస్యే లేదు. రిమ్ అరగదు కాబట్టి చక్రం ఆయుష్షు స్పోక్‌ల మీద, హబ్ మీద ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే పంక్చర్, రిమ్‌కి సొట్ట

ట్యూబు మీద పాము కాటులా రెండు చిల్లులు పక్కపక్కన ఉంటే మేకు గుచ్చుకోలేదు, టైరు పూర్తిగా నొక్కుకుపోయి ట్యూబు రిమ్ అంచుకి, రోడ్డుకి మధ్య నలిగింది. ఆ దెబ్బ రిమ్‌కీ తగిలే ఉంటుంది. ఇక్కడ చక్రం కంటే ముందు టైరు మార్చాలి. ఫ్రేము, బ్రేకులు చోటిస్తే 25 తీసేసి 28 వేసుకోండి, ఇంకా చోటుంటే 32. మన ఊళ్ళలో రంబుల్ స్ట్రిప్స్ వరసగా వస్తాయి, సిమెంటు రోడ్డు చీలికలు ఉంటాయి, రంగు కూడా వేయని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. ఇన్నిటి మీద ఎక్కువ గాలి పట్టే వెడల్పు టైరు చేసే మేలు ఏ ఖరీదైన రిమ్మూ చేయలేదు. 75 కిలోల మనిషికి 28 టైరులో 70 నుంచి 80 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు.

రిమ్ హుక్‌లెస్ (టైరు అంచుని పట్టే కొక్కెం లాంటి మడత లేనిది) అయితే మాత్రం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు, టైరు కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసి ఉండాలి. బరువైన మనిషి 28 టైరు వాడాలంటే హుక్ ఉన్న రిమ్మే మేలు.

చక్రం తిప్పితే గరగర, పట్టుకుని ఊపితే కదులుతోంది

హబ్ సంగతి. షిమానో హబ్‌లలో కప్పు (హబ్‌లో గోళీలు కూర్చునే గిన్నె), కోను (వాటిని లోపలికి నొక్కే నట్టు), విడి గోళీలు ఉంటాయి. విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గోళీలు వేసి, గ్రీజు పట్టించి బిగిస్తే మళ్ళీ కొత్తలా తిరుగుతుంది. 105 లాంటి హబ్‌లలో ముందుదానికి ఒక్కో వైపు 10, వెనకదానికి ఒక్కో వైపు 9 గోళీలు. క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకి బిగించే మీట) బిగించాక యాక్సిల్ మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి బిగించక ముందు రవ్వంత ఆట (అటూ ఇటూ కదలిక) ఉంచాలి, బిగించాక అది పోవాలి. ఈ చిన్న విషయం తెలియక కోను మరీ బిగించేసి కప్పు పాడు చేసుకున్నవాళ్ళు చాలామంది. కోను మార్చుకోవచ్చు, కప్పు పోతే హబ్ పోయినట్టే.

సీల్డ్ బేరింగ్ హబ్ అయితే బేరింగ్ మీద 6902 లాంటి అంకె ఉంటుంది. ఆ అంకె రాసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట బేరింగ్ షాపులో అడిగితే దొరుకుతుంది. సైకిల్ షాపులో దొరకని వస్తువు బేరింగ్ షాపులో దొరకడమే ఈ రకం హబ్‌లో నాకు నచ్చేది. ఏ హబ్ అయినా వాటర్ సర్వీసింగ్ గన్ నేరుగా దాని మీదికి కొట్టించకండి.

నిప్పల్ తిరగనంటోంది

విశాఖ, కాకినాడ వైపు తొక్కేవాళ్ళకి ఇది బాగా తెలుసు. అల్యూమినియం నిప్పల్స్ ఉప్పుగాలికి తెల్లగా బూజు పట్టినట్టయి, కీ పెడితే విరుగుతాయి. ఇత్తడి నిప్పల్స్ వేయించుకోండి. కాస్త బరువెక్కువ, అంతే.

అయితే ఏది కొనాలి?

80 కిలోలు దాటినవాళ్ళు, బ్రెవేలు (గడువులోపు ముగించాల్సిన దూర ప్రయాణాలు) తొక్కేవాళ్ళు, బ్యాగు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు వెనక 32 స్పోక్‌లు, మూడు క్రాస్ అల్లికకే (ఒక్కో స్పోక్ మరో మూడింటిని దాటేలా అల్లేది) వెళ్ళండి. ముందు 28 చాలు, 32 అయినా మంచిదే. 20కి బదులు 32 అంటే 12 స్పోక్‌లు, నిప్పల్స్‌తో కలిపి 100 గ్రాములు కూడా రావు. బాటిల్లో నాలుగైదు గుక్కల నీళ్ళు. దానికి బదులుగా అడవిలో ఒకటి తెగినా బ్రేక్ వదులు చేసుకుని ఇల్లు చేరగలరు. లోపలి వెడల్పు 17 నుంచి 19 మిల్లీమీటర్లు ఉన్న అల్యూమినియం రిమ్, విప్పి బాగుచేసుకోగలిగే హబ్, బటెడ్ స్పోక్‌లు, ఇత్తడి నిప్పల్స్ చూసుకోండి.

కొనే ముందు షాపులో అడగాల్సింది బరువెంత అని కాదు, ‘ఈ స్పోక్ తెగితే మీ దగ్గర ఉందా?’ అని. ఆ కంపెనీకే సరిపోయే వింత స్పోక్ అయితే, అది ఎక్కడి నుంచో తెప్పించేదాకా సైకిల్ గోడకి ఆనించి ఉంచాల్సిందే.

చక్రం తెచ్చుకున్నాక మొదటి 200, 300 కిలోమీటర్లకి మళ్ళీ టెన్షన్ చూపించండి. కొత్త అల్లిక ఆ మాత్రం దూరంలో సర్దుకుంటుంది. అల్లిన మనిషితో ముందే చెప్పి ఉంచితే రెండోసారి డబ్బులు అడగకుండానే చేసిపెట్టేవాళ్ళు ఉన్నారు. ముందు చక్రానికి ఒక కొలత, వెనక కుడికి ఒకటి, ఎడమకి ఒకటి ఉండొచ్చు. ఆయన దగ్గరే ఒక్కో కొలతకి రెండేసి స్పోక్‌లు అదనంగా తీసుకుని, నిప్పల్స్‌తో సహా సీట్ పోస్టు గొట్టంలో గుడ్డ చుట్టి పెట్టుకోండి. వెనక కుడివైపుది మార్చాలంటే క్యాసెట్ విప్పాలి, అందుకని దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్ విప్పే చిన్న పానా కూడా వాటితోనే పెట్టండి.