శస్త్రచికిత్స తర్వాత మూత్ర ఇన్ఫెక్షన్‌ను ఎలా నిర్ధారించాలి?

తుంటి మార్పిడి గానీ పేగుల ఆపరేషన్ గానీ జరిగిన రోగికి జ్వరం రాగానే మూత్రం కల్చర్‌కు (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే ల్యాబ్ పరీక్షకు) చీటీ రాసేయడం వార్డుల్లో అలవాటైపోయింది. మొదటి 48 గంటల్లో వచ్చే జ్వరం చాలావరకు కోతకు శరీరం చూపే ప్రతిస్పందనే. ఆ తర్వాత వచ్చినదైతే గాయాన్ని, ఊపిరితిత్తులను, సెలైన్ సూది ఉన్న చోటును, రక్తం గడ్డకట్టిందేమోనని పిక్కలను కూడా చూడకుండా మూత్రాన్ని అనుమానించడం తొందరపాటే.

క్యాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) ఉన్నవారికి మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం వంటివి ఆధారపడదగిన గుర్తులు కావు. అందుకే 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, చలి వణుకు, పొత్తికడుపు నొక్కితే నొప్పి, వెనక పక్కటెముకల కింద నొప్పి ఉన్నాయేమో చూడాలి. క్యాథెటర్ తీసేసిన వారిని మంట గురించి అడగడంతో పాటు, మూత్రం లోపల నిలిచిపోతోందేమో బ్లాడర్ స్కాన్‌తో (మూత్రాశయానికి చేసే అల్ట్రాసౌండ్‌తో) తెలుసుకోవాలి. పొత్తికడుపు నొప్పికి అదే కారణం కావచ్చు. మూత్రం చిక్కగా ఉందనో, వాసన వేస్తోందనో బంధువులు కంగారు పడతారు గానీ, ఆ రెండింటితోనే నిర్ధారణకు రాకూడదు. వృద్ధులు అయోమయంగా మాట్లాడుతుంటే నొప్పి మందులు, సోడియం తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం వంటి కారణాలను ముందు పరిశీలించాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది నమూనా దగ్గరే. యూరిన్ బ్యాగ్‌లోంచి ఎన్నడూ తీయకూడదు. క్యాథెటర్ గొట్టానికి ఉండే శాంపిల్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి, స్టెరైల్ (క్రిములు లేని) సిరంజితో, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. క్యాథెటర్ వేసి రెండు వారాలు దాటి, అది ఇంకా అవసరమే అయితే, కొత్తది వేసి దాని నుంచి తీయాలి. వెంటనే ల్యాబుకు పంపలేకపోతే నమూనాను ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకుంటే బ్యాక్టీరియా సీసాలోనే పెరిగిపోతుంది.

క్యాథెటర్ ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం ఉంటుంది కనుక, లక్షణాలు లేనప్పుడు కల్చర్‌లో ఏదో పెరగడం జబ్బు కాదు. చీముకణాలు కనిపించడమూ అంతే. అవి అసలు లేకపోతే మాత్రం జ్వరానికి వేరే కారణం వెతకాలి. లక్షణాలుండి, ఒకటి రెండు రకాల బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 1,00,000 కాలనీలకు (బ్యాక్టీరియా గుంపులకు) పైగా పెరిగితే నిర్ధారణ బలపడుతుంది. క్యాథెటర్ రోగుల్లో 1,000 కాలనీలనూ లెక్కలోకి తీసుకునే మార్గదర్శకాలున్నాయి. మూడు రకాలు పెరిగితే నమూనా కలుషితమైందని భావించి మళ్లీ పంపాలి. ల్యాబ్ చీటీపై క్యాథెటర్ వేసిన తేదీని, నమూనా తీసిన విధానాన్ని, అప్పటికే ఇచ్చిన యాంటీబయాటిక్ పేరును తప్పక రాయాలి.