లిఫ్ట్ మెయిన్ ఆపితే సరిపోదు: రిపేరుకు ముందు బ్యాటరీ కరెంటు ఎలా ఆపాలి?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో చూసినా, ఒంగోలు లాయర్‌పేటలో చూసినా అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ రిపేరు ఒకే తీరుగా మొదలవుతుంది. మెకానిక్ టెర్రస్ మీది మెషిన్ రూంలోకి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపుతాడు. కింద ఉన్న వాచ్‌మన్‌కి ఫోన్ చేసి "కరెంటు తీసేశా, ఎవర్నీ లిఫ్ట్ దగ్గరికి రానీకు" అంటాడు. ఆ జాగ్రత్త మంచిదే, కానీ పని సగమే అయింది.

ఇప్పుడు చాలా లిఫ్టులకు ఏఆర్‌డీ (ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) ఉంటోంది. కరెంటు పోయినప్పుడు లోపలివాళ్లు ఇరుక్కుపోకుండా కారును, అంటే మనుషులు నిలబడే లిఫ్ట్ గదిని, దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే పెట్టె అది. కరెంటు ఎందుకు పోయిందో దానికి తెలియదు. తుపాను గాలికి లైన్ మీద చెట్టు పడినా, మెకానిక్ చేత్తో మెయిన్ ఆపినా దానికి ఒకటే. కొన్ని సెకన్లు ఆగి బ్యాటరీల నుంచి కరెంటు తీసుకుంటుంది, బ్రేక్ విడిపిస్తుంది, మోటారును తిప్పుతుంది. మెయిన్ ఆపిన చెయ్యే ఏఆర్‌డీని నిద్రలేపుతుందన్న మాట.

కొన్ని ప్యానెళ్లలో మెయిన్ స్విచ్‌కి ఒక అదనపు కాంటాక్టు పెట్టి, చేత్తో ఆపినప్పుడు ఏఆర్‌డీ పనిచేయకుండా చేస్తారు. పాత లిఫ్ట్‌కి తర్వాతెప్పుడో కొని బిగించిన ఏఆర్‌డీలో ఆ వైరు కలిపారో లేదో విప్పి చూస్తే గాని చెప్పలేం. కలిపే ఉంటారులే అని షాఫ్ట్‌లోకి (లిఫ్ట్ తిరిగే నిలువు దారిలోకి) దిగడం ప్రాణంతో ఆడుకోవడమే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది శిక్షణ పొందిన లిఫ్ట్ మెకానిక్ చేయాల్సిన పని. ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ గానీ, వాచ్‌మన్ గానీ చెయ్యి పెట్టకూడదు. మరి అసోసియేషన్ వాళ్లకు ఇదంతా ఎందుకంటే, మీ బిల్డింగ్‌కి వచ్చే కుర్రాడు ఈ పనులన్నీ చేస్తున్నాడా లేదా అని చూసుకోవాల్సింది మీరే కాబట్టి. "తొందరగా కానీయ్ బాబూ, పై అంతస్తులో పెద్దాయన మెట్లు దిగలేరు" అని వెంటపడితే ఆ కుర్రాడు ముందుగా వదిలేసేది ఈ జాగ్రత్తలనే.

కరెంటు ఎక్కడెక్కడ ఉందో ముందు వెతకండి

స్విచ్ ముట్టుకునే ముందు ప్యానెల్ తలుపు లోపల ఉండే డ్రాయింగ్ చూసి, కేబుళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నాయో పోల్చుకోవాలి. మొదటిది బ్యాటరీ బ్యాంకు. మామూలుగా నాలుగో ఐదో 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 48 లేదా 60 వోల్టులు చేస్తారు. ఇంకా పెద్ద బ్యాంకులూ ఉంటాయి. చార్జర్ పనిచేస్తుంటే 60 వోల్టుల బ్యాంకు మీద మీటరు 67, 68 దాకా చూపిస్తుంది.

"60 వోల్టులేగా, ఏం చేస్తుంది?" అనే మాట చాలామంది నోట వినపడుతుంది. ఆ 60ని ఏఆర్‌డీలోని ఇన్వర్టర్ పెంచి, మోటారుకు కావాల్సిన వందల వోల్టులుగా మార్చి బయటికి పంపుతుంది. కాబట్టి ఏఆర్‌డీ అవుట్‌పుట్ వైరును పట్టుకుంటే తగిలేది 60 కాదు. ఇక బ్యాటరీ దగ్గరే స్పానర్ జారి ప్లస్‌కీ మైనస్‌కీ అడ్డంగా పడితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా ప్రవహిస్తాయి. ఆ స్పానర్‌కీ టెర్మినల్‌కీ మధ్య చేతి ఉంగరం దొరికితే అది క్షణంలో ఎర్రగా కాలి వేలికి అతుక్కుంటుంది. ఉంగరం, వాచీ, కడియం, మెడలో గొలుసు అన్నీ తీసి పక్కన పెట్టాకే బ్యాటరీల జోలికి వెళ్లాలి.

రెండోది డ్రైవ్ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) లోపలి కెపాసిటర్లు, అంటే కరెంటును నిల్వ ఉంచే భాగాలు. 415 వోల్టుల త్రీఫేజ్ మీద నడిచే డ్రైవ్‌లో ఇవి దాదాపు 580 వోల్టుల డీసీని పట్టి ఉంచుతాయి. మెయిన్ తీసినా కొన్ని నిమిషాలు అది అలాగే ఉంటుంది. ఎంతసేపు ఆగాలో డ్రైవ్ మీదే రాసి ఉంటుంది, మామూలుగా 5 నుంచి 10 నిమిషాలు.

మూడోది చాలామంది మర్చిపోయేది. కారులోని లైటు, ఫ్యాను చాలా లిఫ్టుల్లో వేరే లైను మీద ఉంటాయి, లిఫ్ట్ మెయిన్ ఆపినా అవి ఆగవు. కారు పైన అలారం, ఎమర్జెన్సీ లైటు కోసం ఇంకో చిన్న బ్యాటరీ ఉంటుంది. బిల్డింగ్ జనరేటర్ ఆటోమేటిక్‌గా స్టార్టయ్యే రకమైతే అదీ లెక్కలోకి వస్తుంది. మెషిన్ రూం లేని లిఫ్ట్ అయితే కంట్రోల్ ప్యానెల్ పై అంతస్తు తలుపు పక్కనే ఉంటుంది, బ్యాటరీలు కొన్నిసార్లు షాఫ్ట్ లోపల పైన ఉంటాయి. చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

ఏ వరసలో ఆపాలి

లోపల ఎవరూ లేరని ఇంటర్‌కమ్‌లోనో, నేరుగా చూసో నిర్ధారించుకోండి. కారును చేయబోయే పనికి తగిన చోట నిలిపి తలుపులు మూయించండి. ప్రతి అంతస్తులో తలుపు ముందు బోర్డు పెట్టండి. ఆ తర్వాత లిఫ్ట్‌ను ఇన్‌స్పెక్షన్ మోడ్‌లో (మెకానిక్ చేతి బటన్లతోనే నడిచే స్థితిలో) పెట్టాలి. సేఫ్టీ సర్క్యూట్‌లో (తలుపులు మూసి ఉంటేనే లిఫ్ట్‌ను కదలనిచ్చే వైరింగ్‌లో) ఎవరైనా షార్టింగ్ వైరు, అంటే తలుపు స్విచ్‌ను దాటవేసే వైరు, పెట్టి మర్చిపోయారా అని ఇక్కడే చూడాలి. తలుపు తెరిచి ఉంటే ఏఆర్‌డీ మామూలుగా కారును కదిలించదు. ఆ వైరు పెట్టి ఉంటే మాత్రం తలుపు తెరిచి ఉందన్న సంగతి దానికి తెలియదు, మనిషి సగం లోపల ఉన్నా లాగేస్తుంది.

ఇప్పుడు అసలు వరస. తయారీదారు మాన్యువల్ వేరే క్రమం చెబితే అదే పాటించండి. లేకపోతే మెయిన్ ఉండగానే ముందు ఏఆర్‌డీ స్విచ్ ఆపాలి. తర్వాత బ్యాటరీ లైన్‌లోని ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) దించాలి. ఆ తర్వాతే లిఫ్ట్ మెయిన్ ఆపాలి. కారు మీద పని ఉంటే లైటు లైన్ కూడా ఆపి, చేతి టార్చి పెట్టుకోవాలి. జనరేటర్ కరెంటు కూడా అదే మెయిన్ స్విచ్ గుండా వస్తుందా, లేక పక్క దారిలో వస్తుందా అన్నది డ్రాయింగ్‌లో చూసి తేల్చుకోవాలి.

ఆపిన ప్రతి స్విచ్‌కీ తాళం వేయాలి. పని చేసేవాళ్లు ఇద్దరైతే తాళాలు రెండు, ఎవరి తాళంచెవి వాళ్ల జేబులోనే. తాళం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన బిల్డింగుల తీరు. లిఫ్ట్ ఆగిందని పై అంతస్తు నుంచి ఫోన్ వస్తుంది. వాచ్‌మన్ పాపం సాయం చేద్దామనే టెర్రస్ ఎక్కుతాడు, కిందికి దించి ఉన్న స్విచ్ కనిపిస్తుంది, పైకి ఎత్తేస్తాడు. అతనికి షాఫ్ట్‌లో మనిషి ఉన్నాడని తెలియదు. ఈ ప్రమాదానికి బోర్డు ఒక్కటీ చాలదు. తాళంతో పాటు "మనిషి పనిలో ఉన్నాడు, ముట్టుకోవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన చీటీ, దాని మీద మెకానిక్ పేరు, ఫోన్ నంబరు ఉండాలి.

బ్యాటరీ ఎంసీబీకి తాళం పట్టే వీలు లేకపోతే, ప్లగ్ కనెక్టర్ ఉన్నచోట అది ఊడదీసి టేపు చుట్టాలి. అదీ లేకపోతే బ్యాటరీల మధ్య లింకు (ఒకదాన్ని ఇంకోదానికి కలిపే ముక్క) తీయాలి. ఐదు బ్యాటరీల్లో రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న లింకు ముందు తీస్తే 60 వోల్టుల బ్యాంకు 24, 36గా విడిపోతుంది. తర్వాత చేయాల్సిన పనిలో ప్రమాదం అక్కడికక్కడే తగ్గుతుంది. తీసే ముందు కనెక్షన్లకు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. స్పానర్ పిడికే కాదు, కొన వరకూ ఇన్సులేషన్ ఉన్నదై ఉండాలి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. తీసిన ప్రతి కొసకూ వెంటనే టేపు చుట్టి, ఆ తర్వాతే రెండో కొస విప్పాలి. లిథియం బ్యాటరీ అయితే లోపలి లింకుల జోలికి వెళ్లొద్దు, దానికిచ్చిన కనెక్టరే ఊడదీయాలి.

ఆగిందని మీటరు చెప్పాలి

ఎంసీబీ కిందికి ఉంది కదా అని నమ్మకూడదు. మైపాడు వైపు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పుపట్టి పాడవుతాయి. ఏసీకి తయారైన ఎంసీబీని డీసీ మీద వాడిన చోట్ల కాంటాక్టులు కాలి అతుక్కుపోవచ్చు కూడా. పిడి కిందికి వస్తుంది, లోపల దారి తెరుచుకోదు.

అందుకే మీటరును డీసీలో పెట్టి మొదట ఎంసీబీకి బ్యాటరీ వైపు కొలవండి. 60 వోల్టుల బ్యాంకైతే 60 పైన ఏదో ఒక అంకె రావాలి, వస్తే మీటరు పనిచేస్తోందని అర్థం. తర్వాత ఏఆర్‌డీ వైపు కొలవండి, సున్నా రావాలి. మళ్లీ బ్యాటరీ వైపు కొలవండి. మధ్యలో మీటరు గానీ దాని వైరు గానీ పాడై సున్నా చూపించలేదని తేలేది ఈ మూడో కొలతతోనే. దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఇదే పద్ధతిలో ఏసీలో పెట్టి మెయిన్ స్విచ్ నుంచి లిఫ్ట్ వైపు వెళ్లే టెర్మినళ్లు, ఏఆర్‌డీ అవుట్‌పుట్ కొలవాలి: ఫేజు నుంచి ఫేజుకు, ఫేజు నుంచి న్యూట్రల్‌కు, ఫేజు నుంచి ఎర్త్‌కు. డ్రైవ్ మీద రాసిన సమయం గడిచాక దాని డీసీ టెర్మినళ్లు కూడా చూడాలి. చివరగా ఒకసారి కాల్ బటన్ నొక్కించి, ఏఆర్‌డీ మేలుకునే సమయం దాటేదాకా ఆగండి. బ్రేక్ చప్పుడు చేయకూడదు, రిలే టిక్కుమనకూడదు.

బ్రేక్ మీద పని ఉంటే కరెంటు ఆపడం కూడా చాలదు. తాడుకు రెండో వైపు వేలాడే కౌంటర్ వెయిట్ ఖాళీ కారు కంటే బరువైనది, బ్రేక్ విడిస్తే ఖాళీ కారు తనంతట తానే పైకి లేస్తుంది. దాన్ని ముందు కదలకుండా బిగించాలి.

మన ఎండ, మన వాన

టెర్రస్ మీది చిన్న మెషిన్ రూం రోహిణి కార్తెలో కొలిమి. లెడ్ ఆసిడ్ బ్యాటరీకి వేడి దాదాపు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఉబ్బిన బ్యాటరీ, తడిగా ఉన్న మూత, కుళ్లిన గుడ్డు వాసన కనిపిస్తే తలుపు, కిటికీ తెరిచి గాలి ఆడనివ్వండి. బీడీ, సిగరెట్ దగ్గరికి రాకూడదు. ఆసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేల మీద ఒలికిన దాని మీద తినేసోడా చల్లాలి.

ఇక కార్తీక మాసం వానలు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చినట్టు వరద వస్తే పిట్‌లో నీళ్లు చేరతాయి. ఒళ్లు తడిసిన మనిషికి 60 వోల్టుల డీసీ కూడా ప్రమాదమే. నీళ్లు తోడించి ఆరేదాకా పిట్‌లో పని పెట్టుకోవద్దు. ఎవరికైనా షాక్ తగిలితే పట్టి లాగొద్దు, సరఫరా తెంచి 108కి ఫోన్ చేయండి.

తిరిగి కలిపేటప్పుడు

పనిముట్లు లెక్క చూసుకుని, షార్టింగ్ వైర్లన్నీ తీసేసి, షాఫ్ట్‌లో ఎవరూ లేరని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి నిర్ధారించుకోవాలి. బ్యాటరీలు కలిపేటప్పుడు ఎంసీబీ దించే ఉండాలి. ఫొటో చూసి ప్లస్, మైనస్ సరిపోల్చి, మీటరుతో మొత్తం వోల్టేజీ కొలవాలి. తిరగేసి కలిపితే ఇన్వర్టర్ కాలిపోతుంది. ఎవరి తాళం వాళ్లే తీయాలి. ముందు మెయిన్, తర్వాత బ్యాటరీ ఎంసీబీ, చివర్న ఏఆర్‌డీ స్విచ్.

ఇన్‌స్పెక్షన్ నుంచి నార్మల్‌కు మార్చాక ఖాళీ కారు రెండు అంతస్తుల మధ్య ఉండగా లిఫ్ట్‌కి వచ్చే కరెంటు ఆపి, ఏఆర్‌డీ దాన్ని అంతస్తుకు చేర్చి తలుపు తీస్తుందో లేదో చూడండి. రిజిస్టర్‌లో తేదీ, బ్యాటరీ వోల్టేజీ, బ్యాటరీలు ఎప్పుడు మార్చారన్నది రాయించండి. ఒక బ్యాటరీ పోతే ఆ ఒక్కటే మార్చవద్దు, పాతవాటితో కలిస్తే కొత్తదీ త్వరగా పాడవుతుంది. మొత్తం సెట్టు మార్పించి, పెట్టె తలుపు మీద "మెయిన్ ఆపినా ఇందులో కరెంటు ఉంటుంది" అని తెలుగులో అతికించండి.