ఇంజన్ ఆగాక పొలంలో దిగడం: సిమ్యులేటర్‌లో ఎక్కడ తప్పుతోంది, నిజంలో ఏమవుతుంది

ఇక్కడి అంకెలన్నీ స్పిట్‌ఫైర్ మార్క్ 9 వి. రెండో ప్రపంచ యుద్ధపు ఈ ఫైటర్ విమానం డీసీఎస్ వరల్డ్, ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే రెండు కంప్యూటర్ సిమ్యులేటర్లలోనూ ఉంది. ఇంజన్ పోతే ఏం చేయాలో దాని యుద్ధకాలపు పైలట్ నోట్స్‌లో వరసగా రాసి ఉంది. గాలిలో ఉన్నంతసేపు సిమ్యులేటర్ నేర్పేదాన్ని చాలావరకు నమ్మొచ్చు. నేల విషయంలో మాత్రం అది చెడ్డ అలవాట్లు చేస్తుంది, కాబట్టి సిమ్‌లో కూడా నిజం పద్ధతిలోనే సాధన చేయాలి.

సమస్య: ఎంచుకున్న పొలం చేరకముందే ఎత్తు అయిపోతోంది

మొదటి కారణం ప్రొపెల్లర్. ఇంజన్ ఆగినా గాలి దాన్ని తిప్పుతూనే ఉంటుంది. ఫైన్ పిచ్‌లో, అంటే బ్లేడ్లు గాలికి దాదాపు అడ్డంగా ఉండగా, తిరిగే ప్రొపెల్లర్ పెద్ద బ్రేకులా పనిచేస్తుంది. బ్లేడ్ల కోణం మార్చే పిచ్ లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగితే గ్లైడ్ (ఇంజన్ లేకుండా జారుతూ వెళ్లే దూరం) బాగా పొడుగవుతుంది, కానీ ఆ కోణాన్ని మార్చే ఆయిల్ ప్రెషర్ మిగిలి ఉంటేనే. ఆయిల్ కారిపోతుంటే ఆ లివర్ కాసేపట్లో పనికిరాకుండా పోతుంది. అందుకే పొలం వెతకడం కన్నా ముందు ఈ పని చేయాలి. డ్రాప్ ట్యాంక్ (కింద తగిలించిన అదనపు పెట్రోలు ట్యాంకు) ఉంటే వెంటనే వదిలేయండి.

రెండో కారణం ముక్కు ఎత్తడం. దూరం చాలదని భయమేసినప్పుడు చెయ్యి తనంతట తానే స్టిక్‌ను వెనక్కి లాగుతుంది. వేగం పడిపోయి, విమానం ఇంకా నిటారుగా దిగుతుంది. గేర్ (చక్రాలు), ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) పైకే ఉంచి, మలుపులు తిరుగుతున్నంతసేపు గంటకు 150 మైళ్లకు తగ్గనివ్వకండి.

పొలం అందుతుందో లేదో తెలియాలంటే దిగాలనుకున్న చోటును విండ్‌స్క్రీన్‌లో గమనించండి. వేగం స్థిరంగా ఉండగా ఆ చోటు పైకి జరుగుతుంటే అందదు, కిందికి జరుగుతుంటే దాటిపోతారు. ముందుగానే ఒకసారి 2,000 మీటర్ల నుంచి 1,000 మీటర్ల దాకా ఇంజన్ లేకుండా దిగి, మ్యాప్ మీద ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో కొలిచి పెట్టుకోండి. ఆ లెక్కలో మూడొంతుల్లో రెండొంతులనే నమ్మండి. మిగతాది మలుపులకీ ఎదురుగాలికీ పోతుంది.

సమస్య: చివరి మలుపులో ఒక రెక్క కిందికి పడిపోతోంది

చాలామంది చచ్చేది ఇక్కడే, సిమ్‌లోనైనా నిజంలోనైనా. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీలు వంగి తిరిగితే స్టాల్ వేగం (రెక్కలు విమానాన్ని మోయడం మానేసే వేగం) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలైతే 41 శాతం. పొలం పక్కకి జారిపోతోందని రడ్డర్ ఎక్కువ తొక్కి, స్టిక్ లాగితే లోపలి రెక్క మొదట స్టాల్ అవుతుంది. 150 మీటర్ల ఎత్తులో దాన్నుంచి బయటపడే చోటు ఉండదు.

పరిష్కారం: మలుపును 30 డిగ్రీల లోపు ఉంచండి, 200 మీటర్ల పైనే ముగించండి. టేకాఫ్ అవగానే ఇంజన్ పోతే వెనక్కి రన్‌వే వైపు తిరగకండి. ఎదురుగా అటూ ఇటూ 30 డిగ్రీల లోపల ఏది దొరికితే దానిలోకే.

సమస్య: ఎత్తు మిగిలిపోయి పొలం దాటిపోతున్నాం

స్పిట్‌ఫైర్ ఫ్లాప్స్‌కి పైన, కింద తప్ప మధ్య స్థానం లేదు. పొలం తప్పకుండా అందుతుందన్నాకే వేయాలి. ఆ తర్వాత దాదాపు 105 మైళ్ల వేగంతో రండి. వేసిన ఫ్లాప్స్‌ను నేల దగ్గర మళ్లీ ఎత్తితే విమానం ధబీమని కూలుతుంది. ఇంకా ఎత్తుంటే ఒక వైపు స్టిక్, ఎదురు వైపు రడ్డర్‌తో సైడ్‌స్లిప్ చేయండి (పక్కకి జారుతూ ఎత్తు తగ్గించుకోవడం), ముక్కు కిందికే ఉండాలి.

సమస్య: నేలను తాకగానే పల్టీ

గేర్ దించారు, అదే కారణం. సిమ్‌లో పొలం చాలాచోట్ల ఒకే రకం గట్టి నేల, కాబట్టి చక్రాల మీద దిగి బతికిపోతారు, అదే మంచి పద్ధతి అనుకుంటారు. దున్నిన నేలలో, తడి మట్టిలో నిజం చక్రం దిగబడుతుంది, విమానం ముక్కు మీదుగా బోర్లా పడుతుంది, పైలట్ కానోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) కింద చిక్కుకుంటాడు. గేర్ పైకే ఉంచి పొట్ట మీద దిగండి. దున్నిన పొలమైతే సాళ్ల వెంబడి, అడ్డంగా కాదు.

నార్మండీ మ్యాప్‌లో ఇంకో ఉచ్చు ఉంది. అక్కడి కంచెలు పైనుంచి పొదల్లా కనిపిస్తాయి. నిజంలో వాటి కింద ఉండేది వేళ్లతో బిగిసిన మట్టి గట్టు. వరి చేల గట్లు చూసి పెరిగినవాళ్లు ఇది వెంటనే పోల్చుకుంటారు, కాకపోతే ఇవి ఇంకా ఎత్తు. చిన్న మడి కన్నా, దూరమైనా పొడవాటి పొలమే మేలు. కరెంటు తీగలు గాలిలోంచి కనిపించవు. స్తంభాలు చూసి తీగలున్నాయని అనుకోవాలి. సిమ్‌లో తీగ లేకపోయినా ఈ అలవాటు వదలొద్దు.

సమస్య: ఫ్లేర్ (తాకే ముందు ముక్కు ఎత్తడం) ఆలస్యమై నేలకు కొట్టుకుంటోంది

ఫీల్డ్ ఆఫ్ వ్యూ మరీ వెడల్పుగా పెట్టుకుంటే నేల ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. అప్రోచ్ మొదలయ్యాక జూమ్ మార్చకండి. ముందుకి కాకుండా పక్కన, రెక్క ముందు అంచు దగ్గరి నేలను చూడండి. ఒక మీటరు ఎత్తులో పట్టి ఉంచి, 80 మైళ్ల దాకా వేగం కరిగించి, తోక కొంచెం కిందికి ఉండగా తాకించండి.

సమస్య: బాగానే దిగాం, అయినా విమానం ముక్కలైంది లేదా పైలట్ చనిపోయాడు

వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 9 జీ (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల దెబ్బ) లోపల ఆగడానికి సుమారు 3 మీటర్లు చాలు, 160 నుంచి అయితే 11 మీటర్ల పైనే కావాలి. చాలా మిషన్లలో గాలి సున్నాగా ఉంటుంది కాబట్టి ఆటగాళ్లు దిశ పట్టించుకోరు. 20 మైళ్ల గాలి పెట్టి చూడండి: 80 మైళ్లతో తాకితే ఎదురుగాలిలో నేల మీద వేగం 60, వెనుకగాలిలో 100. దెబ్బలో తేడా రెండున్నర రెట్ల పైమాట. కాలుతున్న దేనినుంచైనా లేచే పొగ గాలి దిశ చెబుతుంది.

నిప్పు రెండో ముప్పు. ఇంజన్ ఇక రాదని తేలగానే ఫ్యూయల్ కట్-ఆఫ్ లాగండి, బూస్టర్ పంప్ ఆపండి, హుడ్ (కానోపీ) తెరవండి, పక్క తలుపును హాఫ్-కాక్‌లో, అంటే సగం తెరిచిన స్థానంలో పెట్టండి. తలుపు అలా ఉంటే దెబ్బకి హుడ్ ముందుకి జారి మూసుకోదు. బెల్ట్ బిగించి లాక్ చేయండి. తాకే ముందు మాగ్నెటోలు (ఇంజన్‌కి నిప్పురవ్వ అందించేవి) ఆపాలి.

సిమ్‌లో విమానం పూర్తిగా ఆగేదాకా మిషన్ ముగించకండి. కదులుతుండగా బయటికి వస్తే క్రాష్‌గా నమోదు కావచ్చు. ఆన్‌లైన్ సర్వర్లలో శత్రువుల వైపు దిగితే పట్టుబడినట్టు రాసే చోట్లున్నాయి, కాబట్టి ఎత్తుండగానే మన సైన్యం ఉన్న వైపు తిరగండి. నిజంలో అయితే ఆగగానే బెల్ట్ విప్పి, గాలి వచ్చే వైపుకి దూరంగా నడవాలి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుతుంటే కొన్ని నిమిషాల తర్వాతయినా అంటుకోవచ్చు.